ఎడమచేతి వెనకపక్క

మా అత్త మాటొస్తే నాకు మొదట ఆమె ఎడమచెయ్యే కండ్ల ముందుకొస్తుంది. నా మొగుని ఫ్యాక్టరీ పనికని గోదావరి వైపునుంచి మా పక్క మత్తిగిరికి వచ్చిన మనిషి. ఈడ నీళ్లు తాగింది, ఈడ గాలి పీల్చింది. నేను రాగిసంగటి పెడితే మాత్రం, ఎడమచేతి వెనకపక్కతో కంచాన్ని తోసేసేది. నోటితో ఒక మాటా అనేది కాదు.

మా నాయన నా పుట్టినూరు అంచెట్టినుంచి సొంత చేని రాగిపిండి మోసుకొచ్చిన రోజు మాత్రం నోరు తెరిచింది.

"ఏమీ అనుకోకండి, మా వైపు దీన్ని గొడ్లకి పెడతారండీ" అని ఆయన ముందరే కంచం తోసింది.

నాయన ఆ కంచాన్ని తన ముందుకు లాక్కున్నాడు. "అలవాటు ల్యాకుంటే ఎట్ల తింటారులేమ్మా" అని తలొంచుకుని ఆ ముద్ద కూడా తానే తిన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

అత్త పోయినేడు చనిపోయింది. నా కూతుర్ని పెంచింది ఆమే. మొన్న అంచెట్టిలో మా నాయన నెయ్యేసి పెట్టిన సంగటిని ఆ పిల్ల తోసేసింది. ఎడమచేతి వెనకపక్కతోనే.

కొట్టేదానికి చెయ్యెత్తినాను.

"చిన్నబిడ్డమ్మా, వద్దు" అన్నాడు నాయన.

ఆ మనిషి పోతా పోతా తన చెయ్యి నా బిడ్డకిచ్చి పోయింది. ఇంక నేనెవరిని తిట్టేది?