మిషనక్కని ఎవరూ అడగలేదు

వీధిలో అందరూ ఆమెను మిషనక్క అంటారు. బట్టలు కుడుతుంది. మెడ ఎంత లోతు, చేతులు ఎంత పొడుగు అని ప్రశ్నల మీద ప్రశ్నలు వేసి ప్రాణం తీస్తుంది. "నీ ఇష్టం అక్కా" అన్నారో, కత్తెర పక్కన పడేసి "వేసుకునేది నువ్వా నేనా?" అని గయ్యిమంటుంది.

అలాంటి మనిషికి కడుపులో గడ్డ లేచింది. నెలనెలా మంచం పట్టేది. స్కానింగ్ చూసి డాక్టరమ్మ "గడ్డ తీసేస్తే సరిపోతుంది" అంది. సరేనంది మిషనక్క. భర్త లారీ తోలుతూ ఎక్కడో దూరాన ఉన్నాడు, ఫోను అందలేదు. తోడుగా మేడమీదావిడ వెళ్ళింది. ఇద్దరికీ చుట్టరికం ఏమీ లేదు. కిందా పైనా అద్దెకుంటూ ఒకరినొకరు "వదినా" అని పిలుచుకుంటారు, అంతే. మేడమీదావిడ నోట్లో నువ్వుగింజ నానదు గానీ, ఆపదొస్తే అందరికంటే ముందుంటుంది.

ఆపరేషన్ గదిలో నడుముకి ఇంజక్షన్ ఇచ్చారు. కాళ్ళు కొయ్యబారిపోయాయి గానీ తెలివి పోలేదు. ఛాతీ దగ్గర ఆకుపచ్చ గుడ్డ అడ్డం కట్టారు. ఊరికే ఉండలేక మిషనక్క నర్సుతో "మీ గౌను భుజం దగ్గర కుట్టు ఊడిందమ్మా" అని కూడా అంది. మధ్యలో డాక్టరమ్మ పని ఆపి బయటికి వెళ్ళొచ్చింది.

"ఏమైందమ్మా?"

"ఏం లేదు, కళ్ళు మూసుకోండి" అంది నర్సు.

మూసుకుంది.

ఇంటికి తీసుకొచ్చాక, ఇంకా కుట్లు ఆరకముందే పాలావిడ పలకరింపుకి వచ్చింది.

"పోనీలే అక్కా, గర్భసంచి తీసేశారటగా. ఇక నెలనెలా ఆ గోల లేదు."

"ఎవరికి తీసేశారు?"

"నీకే!"

మిషనక్క పకపకా నవ్వింది. ఈ వీధిలో పుకార్లకేం కరువు! కానీ పాలావిడ మొహంలో నవ్వు లేదు. మిషనక్క నవ్వు పెదాల మీదే ఎండిపోయింది. చెయ్యి దానంతటదే పొట్ట మీదికి పోయింది. నెత్తిన పిడుగు పడ్డట్టు అంటారు గానీ, పిడుగుకైనా చప్పుడుంటుంది. ఆమెకు పాలావిడ ఎప్పుడు లేచి వెళ్ళిందో కూడా తెలియలేదు.

మెట్లెక్కే ఓపిక లేక కిందినుంచే మేడమీదావిడను కేకేసింది.

"వదినా, ఆ రోజు డాక్టరమ్మ బయటికొచ్చి నిన్నేమడిగింది?"

"సంచి కూడా పాడైంది, తీసేయమంటారా అంది. నువ్వేమవుతావంటే వదిననన్నాను. ఇద్దరు పిల్లలున్నారుగా, తీసేయండి అన్నాను. నీ మంచికేగా!"

"నేను లోపల మెలకువగానే ఉన్నాను వదినా!"

"ఉంటే?"

"నన్నడగొచ్చుగా!"

"కడుపు కోసి పడుకోబెట్టినదాన్ని ఎవరైనా అడుగుతారా?"

"నోరు కొయ్యలేదుగా! వీధంతా చెప్పావు, నాకెందుకు చెప్పలేదు?"

మేడమీదావిడ నిజంగానే తెల్లబోయింది. "నీకు తెలీదనుకోలేదే! నీ ఒంట్లోదేగా!"

అప్పటికి భర్త ఫోను కలిసింది. సంగతి విని మండిపడ్డాడు. "నన్నడక్కుండా ఎలా తీస్తారు?"

"నిన్నెందుకయ్యా అడగడం?" అంది మిషనక్క.

ఆమెకు మూడో బిడ్డ కావాలని ఏమీ లేదు. అడిగితే సరేననేదేమో కూడా. ఆ అనాల్సిన మాట అనకుండానే అంతా అయిపోయింది. మిషను ముందు కూర్చుంటే కాలు ఆడలేదు. తన ఒంట్లో ఏముందో, ఏం లేదో వీధి చివరి దుకాణంలో అడిగి తెలుసుకోవాలి కాబోలు అనుకుంది.

తీసినదాన్ని పరీక్షకు పంపారు, చెడ్డ జబ్బేమైనా ఉందేమోనని. ఫలితం వచ్చిందని కబురొచ్చింది. ఆసుపత్రి హాలు నిండా జనం. నర్సు తలుపు తీసి "ఆ గర్భసంచి కేసు తాలూకు ఎవరండీ?" అని అరిచింది. బల్లల మీద కూర్చున్నవాళ్ళ తలలన్నీ తిరిగాయి. అలవాటుకొద్దీ మేడమీదావిడ లేచి "మేమే, మేమే" అంది. మిషనక్క ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"నా తాలూకు నేనే."

లోపలికి వెళ్ళి నిలబడే అడిగింది. "మెలకువగా ఉన్నదాన్ని నన్నెందుకు అడగలేదు డాక్టరమ్మా?"

"మీ వదినగారు ఒప్పుకున్నారు కదమ్మా."

"ఆవిడ మా పైవాటాలో అద్దెకుంటుంది."

డాక్టరమ్మ మొహం పాలిపోయింది. "చుట్టాలు కారా?"

"చుట్టమైతే మాత్రం? కడుపు నాదేగా. గడ్డకి సరేనన్నాను. సంచి మాట నాతో ఎవరన్నారు?"

డాక్టరమ్మ చేతిలో కాగితాలు బల్ల మీద పెట్టింది. "మిమ్మల్నే అడగాలి. అంత తొందరపడాల్సిన ప్రమాదం కూడా లేదు. తప్పు నాదే" అంది, గొంతు తగ్గించి.

"ఇది మెల్లిగా చెబుతున్నారు. నా రోగం మాత్రం హాల్లో అరిపించారు."

మిషనక్క ఇక ఫలితం చెప్పమంది. అంతలోనే "ఉండండి" అని, పొట్ట పట్టుకుని నడిచి, ఓరగా తెరిచి ఉండి, అవతల మేడమీదావిడ చెవి ఆనించి ఉన్న తలుపును మూసి గడియ పెట్టింది.

బయటికొచ్చాక మేడమీదావిడ వెంటపడింది. "ఏం చెప్పింది వదినా?"

"నాతో చెప్పింది."

"అదే, ఏం చెప్పింది?"

"నాతో చెప్పింది వదినా" అని బస్సెక్కింది.

వీధి మొదట్లో పాలావిడ ఎదురై, ఎప్పటిలాగే మేడమీదావిడనే అడిగింది. "ఏమన్నారు?"

మేడమీదావిడ నోరు తెరిచింది, మూసింది, మళ్ళీ తెరిచింది.

"నాకు తెలీదే" అంది.

పాలావిడ నోరు వెళ్ళబెట్టి, ఆ ఇద్దరినీ మార్చి మార్చి చూస్తూ అక్కడే నిలబడిపోయింది.