సిరిసిల్లలో మా నాలుగు సాంచాలు

మా చిన్నప్పుడు... మా ఇంట్లో ఎవరూ మెల్లగా మాట్లాడేవాళ్లు కాదు. సిరిసిల్లలో మా ముందుగది నిండా నాలుగు సాంచాలు... అదేనండీ, మరమగ్గాలు. పొద్దున్నే అవి మొదలైతే గోడలు అదిరేవి. ఇంకొంచెం కూర వెయ్యమని అడగాలన్నా గొంతు చించుకోవాల్సిందే.

సాంచాల మధ్యకు వెళ్తే ఆ అరుపులు కూడా పనికొచ్చేవి కావు. అక్కడ అన్నీ సైగలే. అమ్మ గుమ్మంలో నిలబడి చెయ్యి నోటి దగ్గర పెడితే అన్నం వేళయిందని... బాపు గాలిలో వేలు గుండ్రంగా తిప్పితే నూలు కండెలు చుట్టమని. బడి నుంచి రాగానే తమ్ముడూ నేనూ ఆ పనికి కూర్చునేవాళ్లం. నూలు దుమ్ము కనురెప్పల మీద కూడా పేరుకునేది... తుమ్ములే తుమ్ములు!

ఎండాకాలం సెలవులకు కోరుట్లలో మేనత్త ఇంటికి వెళ్లేవాళ్లం. అక్కడ సాంచాలు లేవు. అయినా మా గొంతులు తగ్గితేగా! ఒకసారి అమ్మా బాపూ మాట్లాడుకుంటుంటే పక్కింటామె పరుగెత్తుకొచ్చింది.

"ఏమైందక్కా... కొట్లాడుకుంటున్నరా ఏంది?"

అత్తకు నవ్వు ఆగలేదు. "కొట్లాట గాదు చెల్లె... మా అన్న చాయ్‌ల ఇంకింత చక్కెర ఎయ్యమంటుండు!"

ఆ తర్వాత... ఏం చెప్పమంటారు. నూలు ధర పెరిగింది, గుడ్డ ధర పెరగలేదు. ఆర్డర్లు తగ్గాయి. మా వీధిలో ఒక్కో ఇంట్లో సాంచాలు ఆగిపోయాయి. కొందరు మహారాష్ట్రలో మగ్గాలున్న భీవండి వెళ్లారు, కొందరు దుబాయ్ వెళ్లారు. తాళాలు పడ్డ ఇళ్ల మీద కిరాయికి ఇస్తామని రాసిపెట్టారు... కిరాయికి వచ్చేవాళ్లేరీ?

నేను పెళ్లయి జగిత్యాల వచ్చేశాను. దుబాయ్‌లో ఉన్న మేనత్త కొడుకు మా తమ్ముడికి వీసా చూస్తానన్నాడు. తమ్ముడు పాస్‌పోర్టు కూడా తీసుకున్నాడు. బాపు ససేమిరా అన్నాడు.

"నాలుగు సాంచాలు పెట్టుకొని ఇంకొకని కింద పనికి పోతవారా? ఏమన్న గానీ... ఈడనే ఉండాలె."

తమ్ముడు ఆగిపోయాడు. పెళ్లయింది, పిల్లలు పుట్టారు. బాపూ తమ్ముడూ కలిసి సాంచాలు నడిపారు. వీధిలో ఇంకో కుటుంబం ఊరు విడిచిందంటే మాత్రం బాపుకు ఆ రోజు అన్నం సహించేది కాదు.

నిరుడు మా నాలుగు సాంచాలూ పాత ఇనుము కింద పోయాయి. వాటిని ట్రాలీలోకి ఎక్కిస్తుంటే బాపు లోపలికి వెళ్లి కూర్చున్నాడట. తమ్ముడికి ఊళ్లోనే సాంచాలున్న ఒక సేటు దగ్గర పని దొరికింది. బాపును ఆ వయసులో ఎవరూ పనికి పిలవలేదు.

దసరా పోయాక బాపు ఫోన్ చేశాడు.

"బిడ్డా... నేను, మీ అమ్మ హైదరాబాద్ పోతున్నం. అపార్ట్‌మెంట్ల వాచ్‌మన్ పని. రూము వాళ్లే ఇస్తరట."

"గీ వయసుల గదేంది బాపూ? తమ్ముడు సూస్కోడా?"

 

"ఆనికొచ్చేది ఆని పిల్లలకే సాల్తలేదు. మేం గూడ ఆని మీదనే పడితే ఆడు దుబాయ్ బాట పడ్తడు... ఆడు ఊళ్లె ఉంటె సాలు బిడ్డా."

కొడుకు ఊరు విడవకూడదని మా బాపు ఊరు విడిచాడు. నాకు ఏడుపూ వస్తుంది, కోపమూ వస్తుంది... ఎవరి మీద కోప్పడాలో మాత్రం తెలియదు.

మొన్న చూడ్డానికి వెళ్లాను. కార్ల మధ్య, లిఫ్టు పక్కన చిన్న గది. అమ్మ పైఅంతస్తుల్లో అంట్లు తోమడానికి వెళ్లింది. బాపు గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు. ఎట్లున్నవు అని కూడా అడగలేదు.

"తమ్ముడు ఊళ్లెనే ఉన్నడు గదా?"

ఉన్నాడు బాపూ, అన్నాను...

మీ వీధిలో ఇంకా ఎవరెవరు మిగిలారండీ? వెళ్లిపోయిన వాళ్ల సంగతి వినీ వినీ అలసిపోయాను... ఉన్నవాళ్ల గురించి చెప్పండి.