ఉల్లిపాయ సూప్ కోసం నిజ్వా నుంచి

ఒమన్‌లో మేముండే నిజ్వా నుంచి రాజధానికి బస్సు ఉదయం తొమ్మిదికి. మేం ఎనిమిదిన్నరకే స్టాపులో ఉన్నాం. అరగంట ముందు వెళ్లకపోతే ఏ బండీ మనకోసం ఆగదని మా ఆవిడ వసుంధర నమ్మకం. అక్కడి అజైబా పేటలో ఒక ఫ్రెంచి కుటుంబం నడిపే చిన్న హోటల్లో భోజనం చేసి సాయంత్రానికి తిరిగి రావాలని ప్రయాణం. ఈ వారమే మన పెళ్లిరోజు కదా అన్నాను ఆవిడతో. పెళ్లిరోజు మాట నిజమే, అసలు కారణం మాత్రం వేరు. నెల కిందట మా కంపెనీ నా చేతిలో ఒక కాగితం పెట్టింది. కాంట్రాక్టు మళ్లీ రాయరు, వచ్చే నెలాఖరుకి దేశం వదలాలి. ఆ సంగతి ఆవిడకి చెప్పలేదు. నలుగురిలో ఆవిడ గొంతు పెంచదు కాబట్టి హోటల్లో చెబుదామనుకున్నాను. ఇరవయ్యేళ్లు సైట్ ప్లాన్లు గీసిన ఇంజనీరు వేసిన ప్లాను ఇది.

ఇంకోటి కూడా ఉంది. కాగితం వచ్చిన వారానికే ఆవిడకి తణుకు నుంచి ఫోనొచ్చింది. ఇక్కడికి రాకముందు ఆవిడ పాఠాలు చెప్పిన బడివాళ్లు హెడ్‌మిస్ట్రెస్‌గా రమ్మన్నారు. "మిమ్మల్నొక్కరినీ వదిలేసి ఎలా వెళ్తానండీ, మీకు చారు పెట్టుకోవడం కూడా రాదు," అని నా మొహంలోకి చూసింది. "నీ ఇష్టం," అన్నాను. రెండు రోజులు ఆలోచించి, రానని చెప్పేసింది. ఆ మాట ఫోన్లో చెప్తున్నప్పుడు నేను పక్కనే కూర్చుని టీ తాగుతున్నాను.

బస్సులో ముందు సీట్లు ఆడవాళ్లకీ కుటుంబాలకీ. టికెట్ ధర ఎక్కువేం కాదు, ఏసీ మాత్రం శాలువా కావాలనిపించేంత. మా పక్క సీట్లో ఒకామె ఒళ్లో సంచి పెట్టుకుని కూర్చుంది. కడప జిల్లా మనిషి, నిజ్వాలో ఒక ఇంట్లో పని చేసిందట. ఎయిర్‌పోర్టుకు పోతున్నానంది.

"సెలవా అమ్మా?" అంది వసుంధర.

"సెలవు గాదక్కా, ఒకేసారి పొమ్మన్యారు. నాలుగేండ్లు చేస్తి ఆ ఇంట్లో. తెల్లారి పోవల్లని నిన్న రాత్రి చెప్పినారు. వాళ్లకు పది దినాల ముందే తెలుసంట. నాకు చెప్పింటే పిల్లోల్లకు నాలుగు సామాన్లన్నా కొనుక్కుందును గదా."

వసుంధర తన సంచిలోంచి ఖర్జూరాల డబ్బా తీసి ఆమె చేతిలో పెట్టింది. ఎయిర్‌పోర్టు దగ్గర ఆమె దిగిపోయాక నా వైపు తిరిగి, "చెప్పకుండా దాచడమేంటండీ, ఆవిడ మాత్రం మనిషి కాదా?" అంది. బయట కొండలు ఎప్పుడో వెనకబడిపోయాయి. నేను ఇంకా కొండలు చూస్తున్నట్టే కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

పదకొండుంబావుకి అజైబాలో దిగాం. హోటల్ పెద్ద రోడ్డు వెనక సందులో ఉంది, అడుగుతూ వెళ్తే పావుగంట నడక. ఆరే బల్లలు. ఆనాటి వంటకాలు పలకమీద సుద్దతో రాసే తండ్రి, వడ్డించే కూతురు, లోపల వండే తల్లి, అంతే మనుషులు. లోపలంతా వెన్న కాగిన వాసన. ఇంకోరోజైతే ఆ వాసనకే నాకు ఆకలేసేది.

శనివారం వసుంధర నీసు ముట్టదు, ఒంటిపూట భోజనం. ఒమన్‌లో సెలవులు శుక్ర, శనివారాలే కాబట్టి నేను గుర్తులేక శనివారానికి బల్ల ఖాయం చేసేశాను. పలక అంతా వెతికి, ఇది మనదే అనుకుని ఉల్లిపాయ సూప్ చెప్పాం. మాంసం వద్దని కూతురికి ఇంగ్లీషులో చెప్పాం కూడా. ఆ అమ్మాయి తలూపింది. ముందు రొట్టెముక్కల బుట్ట వచ్చింది, ఆ వెనకే పైన చీజు కరిగి పొంగుతున్న రెండు మట్టిగిన్నెలు.

చెంచా ఇంకా నోటిదాకా పోలేదు. వంటింట్లోంచి తల్లి ఏప్రన్‌తోనే పరుగెత్తుకొచ్చి వసుంధర చెయ్యి పట్టుకుంది.

"తినకండి. ఇది గొడ్డు ఎముకలు మరిగించిన నీళ్లతో చేస్తాం. మీరు మాంసం తినరని మా అమ్మాయి నాకిప్పుడే చెప్పింది. ముందే చెప్పాల్సింది, తప్పు మాదే," అంది. గిన్నెలు తనే తీసుకెళ్లిపోయింది. అరగంటలో మీగడ పోసి కాల్చిన బంగాళాదుంపలు తెచ్చి పెట్టింది.

"చూశారా, ఎంత నిజాయితీ!" అంది వసుంధర. దుంపలు సగం తిన్నాక, తల పళ్లెం మీదికి వంచుకునే, కాగితం సంగతి చెప్పేశాను.

"ఎప్పుడొచ్చింది?"

"నెలైంది."

ఆవిడ లెక్క చూసుకుంది. అది మొహంలో కనబడింది.

"అయితే తణుకు వాళ్లకి నేను రానన్నప్పుడు మీకు తెలుసు."

"తెలుసు."

గొంతు పెంచలేదు. అంతవరకూ నా ప్లాను పారినట్టే. "నెల రోజులు నా చేత వడ్డించుకుని ఎలా తిన్నారండీ?" అని మాత్రం అడిగింది. చెంచా పక్కన పెట్టేసింది. తల్లి వచ్చి దుంపలు బాగా లేవా అని అడిగితే, చాలా బాగున్నాయని నవ్వింది. నాకు సిగ్గేసింది. ఇరవయ్యేళ్లలో అంత సిగ్గు ఎప్పుడూ పడలేదు.

తిరుగు బస్సు నాలుగింటికి. వసుంధర ముందు సీట్లో ఒక ఒమానీ అమ్మాయి పక్కన కూర్చుంది. ఒంటరి మగవాడివి వెనక్కి వెళ్లమని డ్రైవర్ నాకు చెయ్యి చూపించాడు. రెండు గంటలూ ఆవిడ జుట్టు ముడి చూస్తూ కూర్చున్నాను. దారిలో ఎవరికో ఫోన్ చేసింది, మాటలు నాదాకా రాలేదు. నిజ్వాలో దిగాక అడిగాను.

"తణుకులో సోమవారం వేరే ఆవిడ చేరిపోయిందట," అంది.

ఆ హోటల్‌కి వెళ్లదలిచినవాళ్లకి: బల్ల ముందే చెప్పుకోండి, సూప్ దేంతో చేశారో అడిగి తినండి, దుంపలు మాత్రం వదలకండి. ఇంట్లో చెప్పాల్సిన మాట ఉంటే అంత దూరం మోసుకెళ్లకండి.

ఇంటికొచ్చాక వసుంధర చీర కూడా మార్చుకోకుండా చింతపండు నానేసి, గిన్నె నా ముందు పెట్టింది. "చారు పెట్టండి," అంది. ఉప్పెంతో, ఇంగువ ఎప్పుడో గుమ్మం దగ్గరే నిలబడి చెప్పింది. పెట్టాను. శనివారం రాత్రి ఆవిడ ఎలాగూ తినదు, కానీ నేను తింటుంటే ఎప్పుడూ పక్కన కూర్చునేది. ఆ రాత్రి కూర్చోలేదు.