దండలోంచి తీసుకున్న డచ్చి నాణెం

ఖమ్మంలో పాత నాణేలు సేకరించే మిత్రులు నా డచ్చి వెండి నాణెం ఎక్కడ దొరికిందని అడిగిన ప్రతిసారీ, పాత వెండి దుకాణంలో కొన్నానని చెప్పాను. అది అబద్ధం. దాన్ని ఒక కోయ ఇల్లాలి మెడలోని దండ నుంచి తీసుకున్నాను.

రెండువేల దశకం మొదట్లో నేను దమ్మపేట వైపు బడిపంతులుని. ఓటర్ల జాబితా రాయడానికి అడవి అంచు గూడేనికి వెళ్లాను. ఆమె మెడలో విక్టోరియా రూపాయల దండ ఉంది. నడుమ మాత్రం వేరే నాణెం, కాస్త పెద్దది. గుర్రం మీద కత్తి ఎత్తిన రౌతు. డచ్చివాళ్లు ఒకప్పుడు మచిలీపట్నం రేవుకు తెచ్చిన రకం. పుస్తకంలో బొమ్మగా తప్ప నేనెన్నడూ చూడలేదు.

"గిది మా అమ్మ పెట్టింది సారూ," అందామె. "మా కోయోళ్లల్ల తల్లి పెట్టిన బిళ్ల నడుమనే ఉంటది."

"కల్తీదమ్మా. వెండి కాదు," అన్నాను.

మర్నాడు ఒక విక్టోరియా రూపాయి తీసుకెళ్లి మార్చుకున్నాను. "మంచిదిచ్చి చెడ్డది తీస్కపోతున్నవ్, ఏం సారువయ్యా!" అని నవ్వి, ఒక సీసా తేనె ఇచ్చింది. ఇంటిల్లిపాదీ తిన్నాం.

దండకు గుచ్చడానికి అతికించిన కొండీ ఉంటే నాణేలవాళ్లు విలువ ఇవ్వరు. ఖమ్మంలో దాన్ని ఊడదీయించాను.

ఐదారేళ్లకు అదే పని మీద మళ్లీ వెళ్లాను. ఆమె మెడ బోసిగా ఉంది. దండేదని అడిగాను. పక్కనున్న తోడికోడలు అందుకుంది.

"ఏం మొఖం పెట్టుకోని ఏస్కుంటది సారూ? ఆల్లమ్మ కల్తీ బిళ్ల పెట్టి పంపిందని మీరే జెప్తిరి గదా! పండుగల ఆడేటప్పుడు అందరం గదే అని ఎక్కిరిస్తం."

ఆ ఇల్లాలు చాటలోని చింతపండు గింజ తీస్తూ తలెత్తలేదు. పేర్లు రాసుకుని వచ్చేశాను.

వారం ఆగి నాణెంతో వెళ్లాను. తోడికోడల్ని కూడా పిలవమన్నాను. ఇల్లాలు బిళ్లను తిప్పి చూసి, "కొండీ ఏదీ?" అంది. తీయించానని చెప్పాను.

"అమ్మా, మీ అమ్మ పెట్టింది అసలు వెండే. నాకు దక్కాలని కల్తీదన్న. ఇన్నేండ్లు చచ్చిపోయిన మీ అమ్మను మాటలు పడేటట్టు చేసిన. తప్పు నాది. క్షమించమ్మా," అన్నాను, ఇద్దరూ వింటుండగా.