ఉతకడానికి ఇంటికొచ్చిన ల్యాబ్ కోటు

ఆ శనివారం మా అమ్మాయి లత తెల్లకోటును వాషింగ్ మెషీన్‌లో వేసేముందు, ఎప్పటిలాగే గట్టిగా దులిపాను. ఆగకుండా తుమ్ములు. తర్వాత ఛాతీ బిగిసి పిల్లికూతలు మొదలయ్యాయి. డెబ్బై ఏళ్లలో నాకు దగ్గు మందు కూడా పెద్దగా తాగిన గుర్తు లేదు.

ఎమర్జెన్సీలో నెబ్యులైజర్ పెట్టారు. ఎక్స్-రే బాగానే ఉంది. గొట్టంలో ఊదించి స్పైరోమెట్రీ చేసి "ఆస్తమా, అంకుల్" అన్నారు. ఇన్‌హేలర్‌తో రెండు వారాలు నెమ్మదించింది. మూడో శనివారం మళ్లీ కోటు దులిపి, ఊపిరాడక వార్డులో పడ్డాను.

అప్పుడు ఒంటికి ఏది పడదో చూసే స్కిన్ ప్రిక్ టెస్ట్ చేశారు. చేతి మీద వరసగా వేసిన చుక్కల్లో ఒక్కదాని దగ్గరే దద్దురు లేచింది.

"అంకుల్, మీ ఫ్లాట్‌లో ఎలుకలున్నాయా?" అన్నాడు డాక్టర్.

"నా ఇంట్లోనా? బొద్దింక కనిపిస్తే చెవి కోసిస్తాను!"

పక్కనే ఉన్న లత ముఖం పాలిపోయింది. "డాక్టర్, యూనివర్సిటీ ల్యాబ్‌లో నేను ఎలుకల మీదే వర్క్ చేస్తాను. కోటు ఇంటికి తెస్తాను."

"ఆ దుమ్ము చాలు," అన్నాడాయన.

డాక్టర్ వెళ్లాక అడిగాను. "తేకూడదని తెలీదా?"

"తెలుసు నాన్నా. సేఫ్టీ క్విజ్‌లో ఫుల్ మార్క్స్ కూడా వచ్చాయి. అక్కడ లాండ్రీకిస్తే వారం పడుతుంది. ఇన్‌స్పెక్షన్‌కి మాసిన కోటుంటే రిమార్క్ రాస్తారు. అందరూ ఇంతే."

భద్రతా తనిఖీలో తెల్లగా కనబడటానికి భద్రతా నియమాన్నే తప్పారు! నాలుగో తరగతితో బడి మానేసి, ఈ దేశమొచ్చి షిప్‌యార్డులో పనిచేస్తూ అక్కడి బోర్డులు చూసి ఇంగ్లీషు నేర్చుకున్నవాణ్ణి నేను. పని బట్టలతో గేటు దాటబోతే మా మలయ్ ఫోర్‌మన్ వెనక్కి పంపేవాడు. ముప్పై ఏళ్లైనా నాకది గుర్తుంది. వీళ్లకు నిన్న రాసిన పరీక్ష గుర్తులేదు.

ఉన్నట్టుండి తట్టింది. "మరి నీ తుమ్ములు? ఏసీ వల్లన్నావు!"

"ఆరు నెలల నుంచీ ఉన్నాయి నాన్నా. చెబితే ఎలుకల గదిలోకి పంపరు. నా పీహెచ్‌డీ పోతుంది."

"ఊపిరి పోయాక ఆ పట్టా ఎవరికమ్మా?"

చాలాసేపు ఏడ్చింది. అక్కడే నిలబడి ల్యాబ్ సేఫ్టీ ఆఫీసుకు మెయిల్ పెట్టింది. పీహెచ్‌డీ పోలేదు. తనకూ టెస్టులు చేసి, సరిపడే మాస్క్ ఇచ్చి, కొన్నాళ్లు ఎలుకల గది పని ఇంకొకరికి అప్పగించారు. కోట్లిప్పుడు అక్కడే వారానికి రెండుసార్లు ఉతుకుతున్నారు.

నేను రోజూ రెండు పూటలా ఇన్‌హేలర్ పీలుస్తున్నాను. మార్కెట్ దాకా నడిస్తే మధ్యలో ఒకచోట కూర్చోవాలి.

ఊపిరి ఇబ్బందితో డాక్టర్ దగ్గరకు వెళ్తే, ఇంట్లో ఎవరెవరు ఏ పని చేసి వస్తున్నారో కూడా చెప్పండి. తెలియకపోతే ముందు వాళ్లను అడగండి. పెద్ద చదువులు, నాకేం అర్థమవుతాయిలే అనుకుని, నాలుగేళ్లుగా ల్యాబ్‌కు వెళ్తున్న మా అమ్మాయిని నేనొక్కసారీ అడగలేదు.