లాకర్లో ఉండే పునీతుడు

ప్రొద్దుటూరులో బ్యాంకు లాకరంటే బంగారమే. నా లాకర్లో మాత్రం ఒక పునీతుడి ఎముక ఉంటుంది, బియ్యపు గింజంత. ఎప్పుడో పరదేశపు ఫాదరొకాయన జమ్మలమడుగు పక్కన మా ఊరి చర్చికి తెచ్చింది. ఒకసారి దొంగలు వెండి పేటిక ఎత్తుకుపోయి, ఎముకను శనగచేలో పారేసినారు. అది దొరికినాక ఊరికి భయం పట్టుకుంది. అప్పటికి నా లాకరు ఖాళీ. నా భార్య నగలు ఆసుపత్రికి పోయినాయి, వెనకే ఆమె పోయింది. లాకరు మిగిలింది. పునీతుడికి చోటు కావాలన్నారు, ఇచ్చినా.

ఏటా పండగనాడు బ్యాంకు తెరవంగానే తీసి, టిఫిన్ డబ్బాలో పెట్టుకొని బస్సెక్కుతా. వాసన రాని టిఫిను కాబట్టి ఎవరూ పట్టించుకోరు. పులివెందుల నుంచి ఫాదరు వచ్చి మధ్యాహ్నం పూజ చెప్తాడు. బ్యాంకు మూసేలోపల మళ్లా లాకరు.

పోయినేడు పండగ ఆదివారం వచ్చింది. ముందురోజు రెండో శనివారం. అందుకని శుక్రవారమే తెచ్చి, చర్చి తలుపును నమ్మలేక మా ఇంట్లో పెట్టినాం. ఇనుప గ్రిల్లుండేది నాకే.

ఆ సాయంత్రం నుంచి జనం. నా పెండ్లికి కూడా అంతమంది రాలేదు. పక్కింటి సాయబుగారి భార్య ఊదుబత్తీలు తెచ్చి గడపలో నిలబడింది.

"దర్గా మాదిరేనా అన్నా?"

"అంతే అనుకోమ్మా."

"మరి చీకట్లో పెట్టినావేంది?"

ఆ గదిలో బల్బు పోయి శానా దినాలైంది. అవసరం పడలేదు. ఆమే వాళ్లింటి బల్బు తెచ్చి తగిలించింది. ఎవరో నా వంటింట్లో టీ పెడతా, చక్కెర యాడుందని కేకేసినారు. వెతికి ఇచ్చినా. అందరూ వచ్చింది పునీతుడి కోసమే, నేనేం అపార్థం చేసుకోలేదు. ఐనా పోతా పోతా ఒకరిద్దరు "తిన్యావా?" అని నన్నూ అడిగినారు.

సోమవారం పొద్దున్నే చర్చి పెద్ద వచ్చినాడు. వరసకు నాకు అల్లుడు.

"డబ్బా తీసుకో మామా, పోదాం."

"ఇంకొక్క దినం ఉండనీరాదా అల్లుడా."

"ఎవరు అడగతాండేది? ఆ పునీతుడా, నువ్వా?"

డబ్బా తీసుకున్నా.

లాకరు మూసి బయటికొచ్చినాక, బ్యాంకు ముందర టీ తాగుతా అడిగినాడు.

"వచ్చే ఏడు పండగ యా వారమో చూసినావా మామా?"

చూసినా. ఆదివారం రాత్రి అందరూ పోయినాక చేసిన పని అదే.

"సోమవారం."

"ఐతే బ్యాంకుంటాది. నీకీ తిప్పలుండవు" అని సంతోషంగా నా భుజం తట్టినాడు.