సదానందం లెక్కపెట్టిన గుడ్లు

కండక్టరు సదానందం జనగామ బస్టాండులో "దేవరుప్పుల, దేవరుప్పుల" అని కేక వేస్తే, అక్కడ దేవరుప్పులలో పడుకున్న కుక్కలు లేచి ఒళ్లు దులుపుకునేవి. పెంచి చెబుతున్నానని మీకనిపిస్తే అది మీ ఇష్టం. పదో తరగతి సగంలో బడికి నేనే సెలవిచ్చి వచ్చినవాణ్ని, నా లెక్కల్లో కాస్త అటూ ఇటూ ఉంటుంది. కానీ ఆయన ఇంటికీ మా ఇంటికీ మధ్య ఒక్కటే గోడ. ఆ గోడ మీద కూర్చుని చూసింది మాత్రం ఉన్నదున్నట్టే చెబుతాను.

బస్సులో ఆయన రాజు. యాభై మంది పట్టే బండిలో నూటపది మందిని ఎక్కించుకుని, ఎవరు ఎక్కడ ఎక్కారో, ఎక్కడ దిగాలో తడుముకోకుండా చెప్పేవాడు. స్టాపు దాటిన ప్రతిసారీ తలలు లెక్కపెట్టకపోతే ఆయనకు ఊపిరాడేది కాదు. ఒక్క కోళ్ల విషయంలోనే కఠినం. గంపలో కోడిని పెట్టుకుని ఏ ముసలమ్మ మెట్టు మీద కాలు మోపినా, "కోడిని దింపు అవ్వా, లేకుంటె నువ్వు దిగు" అనేవాడు. ఆ దారిలో కోళ్లను అమ్ముకునే అవ్వలందరూ ఆయన పేరెత్తితే మెటికలు విరిచేవాళ్లు.

భార్య కనకలక్ష్మి పన్నెండేళ్లు ఆయన్ని ఒక్కటే అడిగింది. పెరట్లో రెండు కోళ్లు.

"పొద్దంత కోళ్లను దించి దించి అస్త. ఇంటికచ్చి మల్ల వాటి మొఖమే సూడాల్నా?" అనేవాడు. ఆమె నవ్వి ఊరుకునేది. రెండు వేల పదకొండు ఎండాకాలంలో ఆమెకు జ్వరం వచ్చింది. దవాఖానకు నడిచే వెళ్లింది. తిరిగి రాలేదు.

పదేళ్ల కూతురు స్వప్నను అమ్మమ్మ దేవరుప్పులకు తీసుకుపోయింది. "డ్యూటీ దిక్కు నువ్వు, ఇంటి దిక్కు తాళం. పిల్ల ఎవల మొఖం సూసుకుంట పెరగాలె?" అని ఆమె అడిగితే సదానందం పిల్ల బట్టలు సంచిలో సర్ది ఇచ్చాడు. మరునాడే డ్యూటీకి పోయాడు. పగలంతా బస్సు, ఇంటికి వస్తే నిద్ర. ఇల్లు ఎంత ఖాళీ అయిందో తెలుసుకునే తీరిక ఆయనకు దొరకలేదు.

ఆ తీరిక సెప్టెంబరులో దొరికింది. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది, బస్సులు డిపోలో నిలబడిపోయాయి. రెండు రోజులు గేటు ముందు శిబిరంలో కూర్చుని నినాదాలిచ్చాడు. మూడో రోజు గోడ మీద తల పెట్టాడు.

"రంజిత్, నీ మోపెడ్ల పెట్రోల్ ఉన్నదారా?"

"ఉన్నదన్న. యాడికి?"

"దేవరుప్పులకు. పిల్లను తెచ్చుకుంట. ఇంట్ల గడియారం సప్పుడు ఇనలేక సస్తున్న."

నా మోపెడ్ అంటే మీరు మామూలు మోపెడ్ అనుకోకండి. దాని చప్పుడుకు ఒకసారి లారీయే పక్కకు తప్పుకుంది. ఆ లారీ అప్పటికే పక్కన ఆగి ఉందని కొందరంటారు, వాళ్లది కడుపుమంట.

దేవరుప్పులలో స్వప్న అమ్మమ్మ వెనకే నిలబడింది. తండ్రి దగ్గరికి రాలేదు.

"సమ్మె అయిపోతె నన్ను ఎవల దగ్గర ఉంచుతవ్ బాపు?"

సదానందం నా వైపు చూశాడు. నేను మోపెడ్ వైపు చూశాను. వాకిట్లో అమ్మమ్మ కోళ్లు గింజలు ఏరుకుంటున్నాయి. ఆ పిల్లే వాటిని చూపించి అంది:

"అమ్మ కోళ్లను అడిగింది గద. కోళ్లుంటె నేనొక్కదాన్నే ఉన్నట్టు గాదు."

అమ్మమ్మ చాలాసేపు ఆలోచించింది. చివరికి పొదుగుడుకు వచ్చిన ఒక బూడిద రంగు కోడిని, దానికి జతగా ఒక నల్ల కోడిని గంపలో పెట్టింది. ఊక పోసిన డబ్బాలో పదకొండు గుడ్లు సర్దింది.

"ఇరవై ఒక్క దినం. పిల్లలు లేసేదాక పిల్ల నీ తాన ఉంటది. అటెనుక ఉంటనంటె దాని ఇష్టం, అస్తనంటె దాని ఇష్టం. గుడ్ల మీద కూసున్న కోడిని మాత్రం ముట్టకు అల్లుడా. దాని మానాన దాన్ని ఉండనీ."

"సరే అత్తమ్మ" అన్నాడు సదానందం. అన్నాడు, నేను విన్నాను.

తిరుగు దారిలో మోపెడ్ మీద నేను, నా వెనక డబ్బా పట్టుకుని స్వప్న, ఆ వెనక గంప పట్టుకుని సదానందం. రాస్తారోకో చేస్తున్న పిల్లగాళ్లు మమ్మల్ని ఆపి, కోళ్లను చూసి, "రోడ్డు మీది వంటావార్పుకు తెచ్చిండ్రు!" అని చప్పట్లు కొట్టారు. వాటి ప్రాణం కాపాడటానికి నేను పావుగంట ఉపన్యాసం ఇవ్వాల్సి వచ్చింది. విన్నవాళ్లంతా ఏడ్చారని చెప్పను గానీ, ఒకడు కళ్లు తుడుచుకున్నాడు. దుమ్ము పడిందట.

కొత్త కోడిని ఇంటికి తెస్తే పొయ్యి చుట్టూ మూడుసార్లు తిప్పాలి. అప్పుడే దానికి ఇల్లు ఎరుకవుతుంది, పాత ఇంటి దారి పట్టదు. స్వప్న ఆ మాట గట్టిగా పట్టుకుంది. మరి సదానందం ఇంట్లో పొయ్యి అంటే గ్యాసుపొయ్యి, అది గోడకు ఆనించిన బండ మీద ఉంటుంది. దాని చుట్టూ ఎట్లా తిరుగుతాం? నేనొక వైపు, ఆయనొక వైపు సిలిండరుతో సహా పొయ్యిని పెరట్లోకి మోసుకొచ్చాం. సదానందం బూడిద కోడిని, స్వప్న నల్లకోడిని చంకన పెట్టుకుని చుట్టూ తిరిగారు. రెండో చుట్టులో సదానందం పైపుకు తట్టుకుని పడబోయాడు.

"మూడో చుట్టు, మూడో చుట్టు! రైట్ రైట్!" అన్నాను నేను.

స్వప్న నవ్వింది. అమ్మ పోయాక ఆ పిల్ల నవ్వడం నేను చూడలేదు. ఆ నవ్వు తనవల్లే వచ్చిందన్నట్టు సదానందం నాలుగో చుట్టు కూడా తిరిగాడు.

వంటింటి మూల గడ్డి పరిచిన గంపలో బూడిద కోడి గుడ్ల మీద కూర్చుంది. స్వప్న క్యాలెండరు మీద రోజుకొక గీత గీసింది. ఆయన జడ వేయడం నేర్చుకున్నాడు. ఆ జడను చూసి మా అమ్మ, "ఇదేంది సదానందం, తాడు పేనినవా?" అని విప్పి మళ్లీ వేసేది. సద్దుల బతుకమ్మ నాడు వాడకట్టు ఆడవాళ్లు స్వప్నను తమతో ఆడటానికి తీసుకుపోయారు. తండ్రులెవరూ అక్కడ లేరు. ఈయన ఒక్కడే దూరంగా, కరెంటు స్తంభం పక్కన, కూతురి చెప్పులు చేతిలో పట్టుకుని ఆట అయ్యేదాకా నిలబడ్డాడు.

ఇద్దరూ పెద్దగా మాట్లాడుకునేవాళ్లు కాదు. బస్సులో నూరు మందితో మాట్లాడే మనిషికి ఇంట్లో ఒక్క పిల్లతో ఏం మాట్లాడాలో తెలియలేదు. అందుకని ఆయన తనకు తెలిసిన పనే చేశాడు. శిబిరంలో కూర్చున్నవాడు గంటకోసారి లేచి ఇంటికొచ్చేవాడు. ఒక చేత్తో కోడిని లేపి, రెండో చేత్తో గుడ్లను తాకుతూ, "పదకొండు" అని పైకి అనేవాడు. గోడ ఇవతలికి నాకు వినిపించేది.

"అమ్మమ్మ ముట్టద్దన్నది బాపు."

"ముడ్తలేను బిడ్డా. లెక్క సూస్తున్న."

"కోడికి కోపమస్తది."

"ఒక్కటి తక్కువైతె ఎట్ల? పిల్లి తిరుగుతున్నది."

పిల్లి లేదు. ఆ వాడకట్టులో పిల్లి అనేదే లేదు, నా గొంతు విని అవి ఎప్పుడో ఊరు విడిచాయి. కానీ ఆయనకు భయం. ఒక్క గుడ్డు తగ్గితే ఒక్క రోజు తగ్గినట్టే ఉండేది. రోజుకు ఏడుసార్లు, ఎనిమిదిసార్లు లేపేవాడు. కోడి మొదట్లో పొడిచింది. తర్వాత పొడవడం మానేసింది. అది అలవాటు పడిందని ఆయన సంబరపడ్డాడు.

దసరా వెళ్లిన మూడో రోజు, అంటే పదిహేడో గీత నాడు, బూడిద కోడి గంప దిగిపోయింది. సదానందం శిబిరం నుంచి వచ్చేసరికి అది పెరట్లో నల్లదానితో కలిసి మట్టి గీరుతోంది. గుడ్లు చల్లగా ఉన్నాయి. దాన్ని పట్టుకొచ్చి గంపలో కూర్చోబెట్టాడు, దిగిపోయింది. పైన ఇంకో గంప బోర్లించి రాయి పెట్టాడు. అది లోపల నిలబడి అరిచిందే గాని కూర్చోలేదు. స్వప్న అప్పుడు మా ఇంట్లో మా అమ్మ దగ్గర చిక్కుడుకాయలు తుంచుతోంది. ఆయన గోడ మీదికి వచ్చి గుసగుసగా నన్ను పిలిచాడు. ఆ గొంతు గుసగుసలాడగలదని నాకు ఆ రోజే తెలిసింది.

నేను వెళ్లేసరికి మంచం మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ఖాకీ చొక్కాలో గుడ్లు చుట్టి పొట్ట మీద పెట్టుకుని, పైన దుప్పటి కప్పుకున్నాడు.

"ఎవలకు చెప్పకు రంజిత్. వేడి పోకుంటె చాలు గద? ఇంక నాలుగు దినాలే."

నేను చెప్పనన్నాను. గంట తర్వాత శిబిరానికి పోయి చెప్పేశాను. చెప్పకుండా ఉండగలిగే మనిషినైతే బడిలోనే ఉండేవాణ్ని. అదీ ఉన్నదున్నట్టు చెప్పలేదు. సదానందమన్న గంపలో గొంతుక్కూర్చున్నాడనీ, పొడుస్తున్నాడనీ, వాళ్లత్తమ్మ నూకలు పంపిందనీ చెప్పాను. శిబిరం మొత్తం పడీ పడీ నవ్వింది. మధ్యాహ్నానికి ఆ నవ్వు బజారు దాటింది. సాయంత్రం పాలకు పోయిన స్వప్నను ఎవరో అడిగారు:

"ఏం బిడ్డా, మీ బాపు ఎన్ని పిల్లలను లేపిండు?"

ఆ పిల్ల పాలగిన్నెతో ఇంట్లోకి పోయి, తండ్రి మీది దుప్పటి తీసి చూసింది. నేను గోడ మీద ఉన్నాను, దిగలేకపోయాను. ఆయన లేవలేదు, లేస్తే గుడ్లు దొర్లుతాయి. పడుకునే అన్నాడు:

"కోడిని నేనే లేపిన బిడ్డా. లెక్క కోసం."

స్వప్న ఒక గుడ్డు తీసి చెవికి ఆనించుకుంది. తర్వాత ఇంకొకటి. పదకొండూ విన్నది. అన్నీ మళ్లీ ఆ ఖాకీ చొక్కాలో చుట్టి, దుప్పటి కప్పి, పొయ్యి మీద పాలు పెట్టింది.

ఐదు రోజులు ఆయన శిబిరానికి రాలేదు. ఇరవై ఒకటో గీత, ఇరవై రెండో గీత. ఇరవై మూడో గీత గీయలేదు. పెరట్లో నీళ్ల తొట్టి వెనక స్వప్న గుంత తవ్వితే, సదానందం ఒక్కో గుడ్డు అందించాడు. ఈసారి లెక్కపెట్టలేదు.

అప్పటికి ఆర్టీసీ వాళ్ల సమ్మె ఆగింది, బస్సులు కదిలాయి. మొదటి రోజు దేవరుప్పుల బండికి డ్యూటీ ఆయనదే. స్వప్న సంచి సర్దుకుని, నల్లకోడిని గంపలో పెట్టుకుని బస్టాండుకు వచ్చింది. "ఉండు బిడ్డా" అని ఆయన అనలేదు. అనడానికి ఆయన దగ్గర ఒక్క కోడిపిల్ల కూడా లేదు.

"బూడిదది నీ తాన్నే ఉండనీ బాపు. దానికి ఇల్లు ఎరికైంది."

కోడి గంపతో ఆ పిల్ల మెట్టెక్కుతుంటే వెనక సీట్లోంచి ఒక అవ్వ, "అగో, కోడెక్కింది! ఇగ దింపరాదు కండక్టరూ?" అన్నది. బస్సంతా నవ్వింది. ఆయన కిటికీ పక్క సీటు దులిపి కూతుర్ని కూర్చోబెట్టి, గంపను సీటు కిందికి జరిపాడు. ఆ రోజు నుంచి ఆ దారిలో కోళ్లను దింపలేదు.

దేవరుప్పులలో బండి ఐదు నిమిషాలు ఆగుతుంది. బడి విడిచాక స్వప్న స్టాపుకు వచ్చేది. వాళ్లిద్దరికీ ఇప్పుడు రోజుకొక మాట దొరికింది.

"గుడ్డు పెట్టిందా బాపు?"

"పెట్టింది."

పెట్టేది కాదు. పొద్దంతా తాళం వేసిన ఇంటి పెరట్లో బూడిద కోడి ఒక్కతే గోడ వెంబడి తిరిగేది, సాయంత్రమయ్యేసరికి గడప మీద కూర్చునేది. గింజలు వేసింది నేనే కాబట్టి నాకు తెలుసు. అబద్ధం చెప్పడం నేర్పమని ఆయన నన్ను అడిగి ఉంటే బాగా నేర్పేవాణ్ని. ఆయన సొంతంగా చెప్పి చిక్కుకున్నాడు. ఒక శుక్రవారం స్వప్న, "ఏది, ఒక్కటి తెచ్చి సూపియ్" అన్నది.

శనివారం నా మోపెడ్ మరమ్మతులో ఉండి నేనూ ఆ బస్సులోనే ఉన్నాను. సదానందం టికెట్ల సంచిలోంచి రుమాలులో చుట్టిన గుడ్డు తీసి కిటికీలోంచి అందించాడు. కిరాణం కొట్టులో కొన్న ఫారం గుడ్డు. సున్నం పూసినట్టు తెల్లగా ఉంది. స్వప్న దాన్ని అటూ ఇటూ తిప్పింది. అమ్మమ్మ ఇంట్లో గోధుమ రంగు నాటు గుడ్లను రోజూ ఏరే పిల్ల.

"ఇది మన బూడిదదే పెట్టిందా?"

"ఆ... అదే పెట్టింది."

ఆ పిల్ల తండ్రి ముఖంలోకి చూసింది. గుడ్డును జాగ్రత్తగా రుమాలులో చుట్టింది. డ్రైవరు హారన్ కొట్టాడు.

"ఆగుమను బాపు, ఇప్పుడే అస్త" అని ఇంటివైపు ఉరికింది.

కండక్టరు సదానందం సర్వీసులో ఎప్పుడూ బండిని ఆపి ఉంచలేదు. ఆ రోజు ఆపాడు. ఇటు ప్రయాణికులు తిడుతున్నారు, అటు డ్రైవరు తిడుతున్నాడు. ఆయన మెట్టు మీద నిలబడి వీధి చివరికే చూస్తున్నాడు. స్వప్న చంకలో నల్లకోడితో రొప్పుతూ వచ్చింది.

"ఒక్కతే ఉంటె అది గుడ్లెట్ల పెడ్తది? దీన్ని ఇంట్ల దింపి అస్త" అంటూ ఎక్కింది.

సదానందం నల్లకోడిని తన చంకలోకి తీసుకున్నాడు. కాసేపటికి అడిగాడు:

"మల్ల ఎప్పుడు పోతవ్ బిడ్డా?"

"రేపు ఐతారమే గద. బడి లేదు. సోమారం పొద్దుగాల నీ బండికే అస్త."

"రైట్ రైట్" అన్నాడాయన. ఆ కేక నా చెవికే సరిగ్గా వినబడలేదు. డ్రైవరు వెనక్కి తిరిగి, "ఏమన్నవే?" అని అడిగాకే బండి కదిలింది.